రెండే చుక్కల వేటకుక్కల మండలం: తిరుపతి, చిత్తూరు నుంచి దాన్నీ, దాని గెలాక్సీలనూ చూసే పద్ధతి

సప్తర్షులను గుర్తుపట్టడం వచ్చింది, వసిష్ఠుడి పక్కన అరుంధతినీ చూశాం, ఇక ముందుకు ఎటు వెళ్లాలి అని అడిగేవారికి నేను వేటకుక్కల నక్షత్ర మండలం పేరు చెబుతుంటాను. పటాల్లో దీని పేరు కేన్స్ వెనాటిసై. కొన్నాళ్లకు వాళ్లే తిరిగి వచ్చి, ‘ఫోనులో గీతలు కనిపిస్తున్నాయి కానీ ఆకాశంలో అక్కడ ఏమీ లేదు’ అంటారు. ఇన్నిసార్లు ఇదే మాట విన్నాక, మొదటి నుంచి చివరి దాకా వరుసగా రాయడమే మంచిదనిపించింది.

ఈ మండలంలో మామూలు కంటికి తేలిగ్గా దొరికేవి రెండే నక్షత్రాలు. ఒకటి కార్ కెరోలి, రెండోది చారా. మొదటిది దారి చూపుతుంది. రెండోది ఆ రాత్రి ఆకాశం గెలాక్సీలు చూడటానికి పనికివస్తుందో లేదో చెబుతుంది. ఈ రెండింటినీ సరిగ్గా వాడుకుంటే మిగతా పనికి ఓపిక ఒక్కటి చాలు.

## 1. రోజు, సమయం ఎంచుకోవడం

మన ప్రాంతం నుంచి కార్ కెరోలి ఉత్తర దిక్కున అత్యంత ఎత్తుకు చేరే సమయాలు సుమారుగా ఇవి:

- ఫిబ్రవరి 20 ప్రాంతంలో: తెల్లవారుజాము 3.10
- మార్చి 21 ప్రాంతంలో: రాత్రి 1.15
- ఏప్రిల్ 20 ప్రాంతంలో: రాత్రి 11.15
- మే 20 ప్రాంతంలో: రాత్రి 9.15

ఈ సమయానికి రెండు గంటలు ముందూ, రెండు గంటలు వెనకా చూడటానికి బాగుంటుంది. జూన్ మధ్యకు వచ్చేసరికి చీకటి పడేటప్పటికే మండలం పడమటికి ఒరగడం మొదలవుతుంది. పైగా మబ్బులు వచ్చేస్తాయి.

చంద్రుడు లేని రాత్రి తప్పనిసరి. పంచాంగంలో బహుళ దశమి నుంచి శుద్ధ తదియ వరకు ఉన్న రోజులు గుర్తు పెట్టుకోండి. ఉగాదికి ముందు రోజు వచ్చే కొత్త అమావాస్య, ఆ తర్వాతి చైత్ర, వైశాఖ అమావాస్యలు ఈ మండలానికి సరైన రాత్రులు. మూడింటిలో నాకు ఇష్టమైనది చైత్ర అమావాస్య. అప్పటికి నిద్ర పాడుచేసుకోకుండా చూడగలిగే వేళకు మండలం పైకి వచ్చేస్తుంది. అమావాస్య రాత్రి బయటికి వెళ్తానంటే ఇంట్లో పెద్దలు ఆందోళన పడవచ్చు. ఎక్కడికి, ఎవరితో, ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ముందే చెప్పి వెళ్లండి.

వేసవిలో మన ఆకాశానికి మబ్బు కంటే దుమ్ము, పొగ పెద్ద ఇబ్బంది. శేషాచలం అడవుల్లో ఎక్కడైనా నిప్పు అంటుకున్న రోజుల్లో ఆకాశం రాత్రి కూడా బూడిద రంగుకు తిరుగుతుంది. మామిడి జల్లు పడిన మరుసటి రాత్రి మబ్బు విడిపోతే మాత్రం ఏ పని ఉన్నా వాయిదా వేసుకోండి. దుమ్మంతా కడిగేసిన ఆకాశం మళ్లీ ఎన్నాళ్లకు దొరుకుతుందో చెప్పలేం.

## 2. చోటు ఎంచుకోవడం

తిరుపతి వాసులకు ఒక సందేహం సహజం: ఉత్తరాన తిరుమల కొండలు అడ్డం కదా? ఈ మండలానికి ఆ బాధ లేదు. ధ్రువ నక్షత్రం మనకు పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి కొండ పాదాన నిలబడితే అది కొండ వెనుక ఉండిపోవచ్చు. వేటకుక్కల మండలంలో మనం చూడబోయేవన్నీ మంచి సమయంలో 55 నుంచి 75 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. అంత ఎత్తును ఏ కొండా మూయదు.

అడ్డం వచ్చేది వెలుగు. పట్టణం దీపాల కాంతి ఆకాశంలో గొడుగులా పరుచుకుంటుంది. ఆ గొడుగు మన వీపు వెనుక ఉండాలి. మనం చూసేది ఉత్తరం వైపు కాబట్టి పట్టణానికి ఉత్తరంగా వెళ్లడం మేలు.

చిత్తూరు వాసులకు ఇది సులభం. కాణిపాకం దాటి, ఆలయం దీపాలు కూడా వెనకబడేదాకా ఐరాల వైపు వెళితే చిత్తూరు వెలుగు దక్షిణాన ఉండిపోతుంది. పెనుమూరు వైపు తోటలు కూడా మంచివే.

తిరుపతి వాసులకు ఉత్తరం దారి లేదు. అటువైపు ఉన్నది రక్షిత అడవి. చిరుతలు తిరిగే చోటు, ఎర్రచందనం కోసం గస్తీ తిరిగే చోటు. రాత్రివేళ అక్కడ దిగడం చట్టరీత్యా తప్పు, ప్రాణానికీ ముప్పు. ఘాట్ రోడ్డు మీద ఆగడం గురించి ఆలోచించనే వద్దు. కాబట్టి పడమర గానీ దక్షిణం గానీ వెళ్లాలి. చంద్రగిరి దాటి పడమటికి వెళితే నగరం వెలుగు తూర్పున ఉంటుంది. పుత్తూరు, నారాయణవనం వైపు వెళితే వెలుగు ఉత్తరాన ఉంటుంది కానీ ముప్పై కిలోమీటర్ల దూరం వచ్చాక అది దిగంతం దగ్గరే అణిగిపోతుంది. మన లక్ష్యాలు ఎత్తులో ఉంటాయి కాబట్టి పని జరుగుతుంది.

పలమనేరు, కుప్పం పీఠభూమి చల్లగా ఉంటుంది, ఆకాశం కూడా బాగుంటుంది. అయితే అటు ఏనుగులు తోటల మీదికి, చెరకు మీదికి వస్తుంటాయి. ఊరివాళ్లను అడగకుండా అక్కడ రాత్రి బయట కూర్చోవద్దు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ మీద బస దొరికితే దీపాలు లేని మూల వెతుక్కోండి.

చోటు ఖాయం చేసుకునే ముందు పగటిపూట ఒకసారి వెళ్లి ఇవి చూసుకోండి:

- తోట యజమాని అనుమతి ఉందా, కాపలా మనిషికి విషయం తెలుసా
- ఉత్తరం వైపు చెట్లు నలభై డిగ్రీల కంటే తక్కువ ఎత్తులో ఉన్నాయా
- మోటారు షెడ్డు బల్బు ఎటు తిరిగి ఉంది, దాన్ని ఆర్పడానికి వీలుందా
- దగ్గరలో బెల్లం గానుగ ఉందా. ఉంటే గాలి వాలుకు నిలబడవద్దు, పొయ్యి పొగ గెలాక్సీలను మింగేస్తుంది
- రోడ్డు మలుపులో వచ్చే లారీ దీపాలు నేరుగా ముఖం మీద పడతాయా
- నేల చదునుగా ఉందా, పుట్టలు, కలుగులు ఉన్నాయా

## 3. సామాను

పది రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల అద్దాలున్న బైనాక్యులర్ ఉంటే ఈ మండలంలో సగం పని అయినట్టే. ఎం 3 అనే తారాగుచ్ఛం, మంచి ఆకాశంలో ఎం 94, ఎం 51 అనే గెలాక్సీలు అందులో చిన్న మసక మచ్చలుగా దొరుకుతాయి (‘ఎం’ అంటే మెస్సియే జాబితాలోని సంఖ్య).

టెలిస్కోపు కొనాలనుకునేవారికి ఆరు లేదా ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ (నేల మీది పెట్టెలో కూర్చోబెట్టి చేత్తో తిప్పే టెలిస్కోపు) నా సలహా. ఈ వ్యాసంలో చెప్పే దృశ్యాలు ఎనిమిది అంగుళాలది, 1,200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్నది దృష్టిలో పెట్టుకుని రాసినవి. దానికి 25 మిల్లీమీటర్ల ఐపీసు (కన్ను ఆనించి చూసే కటకం) పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు వస్తుంది. ఈ రెండు ఐపీసులు చాలు.

కాంతి కాలుష్యాన్ని ఆపుతాయని అమ్మే ఫిల్టర్లు గెలాక్సీలకు పెద్దగా ఉపయోగపడవు. గెలాక్సీ వెలుగు నక్షత్రాల వెలుగే కాబట్టి ఫిల్టరు దాన్ని కూడా తగ్గించేస్తుంది. ఆ డబ్బుతో పెట్రోలు పోయించుకుని చీకటి చోటుకు వెళ్లండి.

బయలుదేరే ముందు సంచిలో ఉండాల్సినవి:

- స్టెల్లేరియం లాంటి ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌లో మీ ఊరు పెట్టి (తిరుపతికి 13.6 ఉత్తరం, 79.4 తూర్పు), ఉత్తరం వైపు తిరిగి ఉన్నట్టుగా ముద్రించిన పటం
- ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టిన చిన్న టార్చి
- దారి నడవడానికి మామూలు టార్చి, కాళ్లకు బూట్లు
- ముఖం తుడుచుకోవడానికి ఒకటి, తల మీద కప్పుకోవడానికి ముదురు రంగుది మరొకటి, రెండు తువ్వాళ్లు
- ఎత్తు సరిపోయే ముక్కాలి పీట
- నోటుపుస్తకం, పెన్సిలు, నీళ్లు

దోమల క్రీము రాసుకుంటే చేతులు కడుక్కున్న తర్వాతే ఐపీసు ముట్టుకోండి. స్ప్రే చేసేదైతే టెలిస్కోపుకు దూరంగా వెళ్లి వాడండి. ఆ మందులు అద్దాల పూతను, ప్లాస్టిక్కును పాడుచేస్తాయి.

## 4. అద్దం చల్లారనివ్వండి

ఇతర ప్రాంతాల వారు రాసిన సూచనల్లో ఈ విషయం రెండు వాక్యాల్లో తేలిపోతుంది. మనకు ఇది చాలా పెద్ద విషయం.

ఏప్రిల్, మే పగళ్లలో మన దగ్గర ఎండ నలభై డిగ్రీలకు చేరుతుంది. ఇంట్లో ఉన్న టెలిస్కోపు అద్దం ఆ వేడినంతా పట్టి ఉంచుకుంటుంది. రాత్రి బయట పెట్టగానే అద్దం నుంచి వేడిగాలి లేచి గొట్టంలో సుడులు తిరుగుతుంది. నక్షత్రం నీటి అడుగున నాణెంలా కదులుతుంది. చాలామంది టెలిస్కోపు పాడైందనుకుంటారు.

పొద్దుగూకగానే టెలిస్కోపును బయట నీడలో పెట్టి మూత తీసి గంటన్నర వదిలేయండి. అద్దం వెనుక చిన్న బ్యాటరీ ఫ్యాను ఉంటే గంట చాలు. ఏసీ గదిలో పెట్టి తీసుకురావడం మరో తప్పు. చల్లటి అద్దం మీద బయటి తేమ ఆవిరిలా పడుతుంది.

మిద్దె మీద చూడాలని అందరికీ ఉంటుంది, తేలిక కాబట్టి. కానీ మిద్దె సిమెంటు పగటి వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. అదే టెలిస్కోపును పది అడుగుల దూరంలో మట్టి నేల మీద పెడితే తేడా మీకే తెలుస్తుంది. దున్నిన నేల కంటే గడ్డి ఉన్న నేల ఇంకా మంచిది. మిద్దె తప్ప గతి లేకపోతే రాత్రి పదకొండు దాటాక మొదలుపెట్టండి.

## 5. ఆకాశంలో దారి

ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. నెమ్మదిగా చదవండి.

ఐరోపా, అమెరికా పుస్తకాల్లో ‘సప్తర్షుల తోక కింద వేటకుక్కలు’ అని ఉంటుంది. అక్కడివారికి సప్తర్షులు వసంతంలో నడినెత్తికి దగ్గరగా ఉంటారు. వాళ్లు దక్షిణానికి తిరిగి, తల బాగా వెనక్కి వంచి చూస్తారు. మనం ఉన్నది 13 డిగ్రీల అక్షాంశం మీద. మనకు సప్తర్షులు ఉత్తరాన, బోర్లించిన గరిటెలా కనిపిస్తారు. కాబట్టి వాళ్ల ‘కింద’ మనకు ‘పైన’. వేటకుక్కలు మనకు తోకకు పైన, నడినెత్తి వైపు ఉంటాయి. ఇన్నాళ్లూ తోక కింద, దిగంతం వైపు వెతికినవారికి ఏమీ దొరకకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు వరుసగా:

1. ఉత్తరానికి ముఖం పెట్టండి. కుడిచేయి తూర్పు, ఎడమచేయి పడమర.
2. సప్తర్షులను గుర్తించండి. గరిటె గిన్నె ఎడమ వైపు, తోక కుడి వైపు. తోకలో గిన్నెకు దగ్గరిది అంగిరసుడు, మధ్యది అరుంధతితో కూడిన వసిష్ఠుడు, చివరిది మరీచి.
3. అంగిరసుడు సరిగ్గా ఉత్తర దిక్కుకు వచ్చినప్పుడు అక్కడి నుంచి నేరుగా పైకి వెళ్లండి. చేయి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. పిడికిలిన్నర దాటి ఇంకాస్త వెళ్లగానే ఒంటరిగా ఒక నక్షత్రం ఉంటుంది. అదే కార్ కెరోలి. చుట్టూ దానికి పోటీ వచ్చే నక్షత్రం లేదు.
4. సరిచూసుకోవడానికి మన నక్షత్రాలనే వాడండి. స్వాతి, చిత్త, ఉత్తర ఫల్గుణి, కార్ కెరోలి కలిపితే ఆకాశంలో పెద్ద వజ్రం ఆకారం వస్తుంది. ఉత్తరపు కొన కార్ కెరోలి.
5. కార్ కెరోలి నుంచి ఎడమకు, కొద్దిగా కిందికి అయిదారు డిగ్రీలు, అంటే చాచిన చేతి మూడు వేళ్ల వెడల్పు కంటే కాస్త ఎక్కువ, జరిగితే మసకగా చారా.

ఈ దిక్కులు మండలం ఉత్తరాన నిటారుగా ఉన్న వేళకు. మూడు గంటల ముందు మొత్తం బొమ్మ తూర్పుకు ఒరిగి ఉంటుంది. అప్పుడు పటాన్ని కూడా అంతే ఒరిగించి పట్టుకోండి.

## 6. చారా పరీక్ష

నక్షత్రాల వెలుగుకు మాగ్నిట్యూడ్ అనే కొలత ఉంది. అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. కార్ కెరోలి 2.9, చారా 4.2 ప్రాంతం. చారా దాదాపు మన సూర్యుడి లాంటి నక్షత్రమే, 27 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంత దూరం నుంచి మన సూర్యుడు కూడా సుమారు ఇలాగే కనిపిస్తాడు.

చీకట్లో ఇరవై నుంచి ముప్పై నిమిషాలు కూర్చోండి. ఫోను జేబులో నుంచి తీయవద్దు. ఆ తర్వాత చూడండి:

- చారా సూటిగా చూస్తే కనిపిస్తోంది: ఆకాశం బాగుంది, మొత్తం జాబితా చూడండి.
- ఓరచూపుకు మాత్రమే దొరుకుతోంది: ఎం 3, ఎం 94, ఎం 51 ప్రయత్నించండి.
- అసలు లేదు: టెలిస్కోపులో జంటగా విడిపోయే కార్ కెరోలిని, ఎం 3ని చూసి ఇంటికి వెళ్లండి. గెలాక్సీల కోసం వెతికితే నిరాశ తప్ప మరేమీ మిగలదు.

నగరం మధ్య నుంచి మూడో ఫలితమే వస్తుంది. అది మీ కంటి లోపం కాదు.

## 7. చూడాల్సిన వరుస

### 7.1 కార్ కెరోలి

ముందు దీన్నే పెట్టండి. 48 రెట్ల దగ్గర ఇది రెండు నక్షత్రాలుగా విడిపోతుంది. పెద్దది 2.9, చిన్నది 5.6, మధ్య దూరం 19 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). రెండూ సూదిమొనల్లా నిలిస్తే అద్దం చల్లారింది, అద్దాల అమరిక బాగుంది. పువ్వుల్లా విచ్చుకుంటే ఇంకో అరగంట ఆగండి.

### 7.2 ఎం 3

గోళాకార తారాగుచ్ఛం, అంటే బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపు. కార్ కెరోలికీ స్వాతికీ గీత గీసుకుంటే దాదాపు మధ్యలో, స్వాతి వైపు కొంచెం దగ్గరగా ఉంటుంది. మాగ్నిట్యూడ్ 6.2. బైనాక్యులర్‌లో ఉబ్బిన నక్షత్రంలా కనిపిస్తుంది. టెలిస్కోపులో 120 రెట్లకు పెంచితే అంచుల్లో నక్షత్రాలు విడివిడిగా, నల్లటి కాగితం మీద రవ్వ చల్లినట్టు మెరుస్తాయి. దూరం సుమారు 34 వేల కాంతి సంవత్సరాలు.

ఇది మనకు 75 డిగ్రీల ఎత్తుకు వెళుతుంది. అంత నిటారుగా డాబ్సోనియన్‌ను పక్కలకు తిప్పడం కష్టం. అందుకే పైకి ఎక్కకముందే చూసేయండి.

### 7.3 ఎం 94

కార్ కెరోలి, చారాలతో సమద్విబాహు త్రిభుజం ఊహించండి. రెండింటికీ మూడేసి డిగ్రీల దూరంలో, ఉత్తరం వైపు శిఖరంలో ఎం 94 ఉంటుంది. మనకు అది కింది వైపు. వెలుగంతా నడుమ ముద్దగా ఉండే గెలాక్సీ కావడంతో తొందరలో నక్షత్రమని దాటిపోతారు. ఫోకస్ సరిగ్గా ఉండి కూడా ఒక ‘నక్షత్రం’ మసకగానే ఉంటే ఆగి చూడండి. అదే.

### 7.4 ఎం 51

అందరూ దీని కోసమే వస్తారు. తీరికగా చూడాల్సిందీ ఇదే.

దారి: మరీచి నుంచి ఎడమకు రెండు డిగ్రీలు జరిగితే 4.7 మాగ్నిట్యూడ్ ఉన్న 24 కేనం అనే నక్షత్రం. అక్కడి నుంచి లంబంగా పైకి రెండు డిగ్రీలు, ఎడమకు కాస్త ఒరుగుతూ వెళ్లండి. బైనాక్యులర్‌లో మరీచి, ఎం 51 ఒకే దృశ్యంలో పడతాయి.

టెలిస్కోపులో మొదట 48 రెట్లు. రెండు మసక మచ్చలు పక్కపక్కనే కనిపిస్తాయి. పెద్దది ఎం 51, చిన్నది దాని తోడు గెలాక్సీ ఎన్‌జీసీ 5195 (ఎన్‌జీసీ మరో జాబితా పేరు). మొదటి నిమిషంలో అంతే. ఇక్కడే చాలామంది ‘ఇంతేనా’ అని కన్ను తీసేస్తారు. తీయవద్దు.

ముదురు తువ్వాలును తల మీద నుంచి ఐపీసు చుట్టూ కప్పుకోండి. పీట మీద కూర్చోండి. నిలబడి నడుము వంచి చూస్తే కన్ను వణుకుతుంది. చూపును మచ్చ మీద కాకుండా దాని పక్కన ఖాళీ మీద పెట్టండి. గొట్టాన్ని చూపుడు వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసకను కన్ను తొందరగా పడుతుంది. అయిదు నిమిషాలు గడిచాక పెద్ద మచ్చ చుట్టూ పలుచని వెలుగు వలయం తేలుతుంది. అప్పుడు 120 రెట్లకు మారండి. మంచి ఆకాశంలో, ఎనిమిది అంగుళాలలో, ఆ వలయం గుండ్రంగా కాక మెలితిరిగినట్టు ఒక క్షణం కనిపించి మాయమవుతుంది. ఆ క్షణాలు కూడుకోవడమే ఇక్కడ చూడటం.

ఒక ఏప్రిల్ రాత్రి ఐరాల దాటి ఒక మామిడి తోటలో ఉన్నప్పుడు కాపలా ఉండే పెద్దాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ‘చూస్తావా తాతా’ అంటే కన్ను పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘రెండు మబ్బు తునకలు సార్. చిన్నది పెద్దదాన్ని పట్టుకునుంది’ అన్నాడు. ఆయన ఆ గెలాక్సీ ఫోటో ఎన్నడూ చూడలేదు. ఆ రెండింటి మధ్య వెలుగు వంతెనను నేను పట్టడానికి మూడు రాత్రులు పట్టింది. నా మనసులో ఫోటో ఉంది, దాన్నే వెతుకుతూ ఉన్నాను. అందుకే చెబుతున్నాను: చూడబోయే రోజు దాని ఫోటోలు చూడకండి. ముందు కనిపించింది గీయండి, తర్వాత పోల్చుకోండి.

ఎం 51 దూరం సుమారు మూడు కోట్ల కాంతి సంవత్సరాలు.

### 7.5 ఎం 63, ఎం 106

ఎం 63: కార్ కెరోలి నుంచి మరీచి వైపు మూడో వంతు దూరం. దగ్గరలో నాలుగైదు చిన్న నక్షత్రాల వరుస ఉంటుంది, దాన్ని పట్టుకుంటే సులభం. కోలగా, నడుమ వెలుగు గట్టిగా ఉంటుంది.

ఎం 106: చారాకూ, గరిటె గిన్నె మూలలోని పులస్త్యుడికీ సరిగ్గా మధ్యలో. ఎం 63 కంటే పొడవైనది, పెద్దది. ఇది దొరికితే ఆ రాత్రి ఆకాశం నిజంగా బాగున్నట్టు.

### 7.6 లా సూపర్బా

గెలాక్సీల తర్వాత కంటికి విశ్రాంతిగా ఈ కర్బన నక్షత్రాన్ని (కర్బనం ఎక్కువగా ఉండే ఎర్రటి నక్షత్రం) చూడండి. చారా నుంచి వసిష్ఠుడి వైపు సుమారు మూడో వంతు దూరం. వెలుగు నెలల తరబడి 5, 6 మాగ్నిట్యూడ్‌ల మధ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఫోకస్‌ను కొంచెం చెదరగొడితే చుక్క చిన్న బిళ్లలా మారి, నిప్పుకణిక రంగు బాగా తెలుస్తుంది.

### 7.7 రెండో రాత్రికి

చారా పక్కనే, ముక్కాలు డిగ్రీ దూరంలో ఎన్‌జీసీ 4490 గెలాక్సీ ఉంది. చారాను దృశ్యం అంచుకు నెట్టి వెతకండి. కార్ కెరోలికి దక్షిణంగా, కాస్త పడమటికి ఒరుగుతూ ఆరేడు డిగ్రీలు వెళితే ఎన్‌జీసీ 4631, పక్క నుంచి కనిపించే పొడవాటి గెలాక్సీ. ఎనిమిది అంగుళాలలో వెలుగు గీతలా ఉంటుంది. వీటిని మొదటి రాత్రే ఇరికించవద్దు.

## 8. తరచూ వచ్చే ఇబ్బందులు, సవరణలు

పటంలో ఎడమ, ఐపీసులో కుడి అవుతోంది. డాబ్సోనియన్‌లో బొమ్మ తలకిందులవుతుంది. పటాన్ని కూడా తలకిందులు చేసి పట్టుకోండి. మలుపు అద్దం ఉన్న లెన్సు టెలిస్కోపులో మాత్రం కుడి ఎడమలు తారుమారవుతాయి, దానికి అద్దపు బొమ్మగా ముద్రించిన పటం కావాలి. ఏదీ తోచకపోతే గొట్టాన్ని వదిలేసి చూడండి. నక్షత్రం ఏ వైపు జారిపోతుందో అదే పడమర.

ఫైండర్‌లో (గొట్టం మీద గురి చూసే చిన్న దుర్భిణిలో) మధ్యలో ఉంది, టెలిస్కోపులో లేదు. వెలుగు ఉండగానే దూరంలోని సెల్ టవర్ కొన మీద రెండింటినీ సరిచూసుకోండి. చీకట్లో అయితే కార్ కెరోలి మీద మళ్లీ సరిచేయండి.

మొదటే 10 మిల్లీమీటర్ల ఐపీసు పెట్టడం. దృశ్యం చిన్నదై దారి తప్పుతుంది. వెతకడానికి ఎప్పుడూ 25.

ఐపీసు పదేపదే మసకబారుతోంది. వేసవిలో అది మంచు కాదు, మీ నుదుటి చెమట ఆవిరి. ముఖం తుడుచుకోండి, రెప్పలు గాజుకు తగలనివ్వకండి. ఐపీసును చొక్కా కొంగుతో రుద్దవద్దు.

ఎవరో టార్చి ముఖం మీద వేశారు. మళ్లీ ఇరవై నిమిషాలు లెక్క మొదటి నుంచి. పిల్లలను తీసుకెళితే వాళ్ల చేతికి ఎర్ర టార్చి ముందే ఇచ్చేయండి. ఒక కన్నుకు రుమాలు అడ్డం పెట్టుకోవడం అలవాటైతే ఆ కన్ను మిగులుతుంది.

ఎం 3లో నక్షత్రాలు విడిపోవడం లేదు. 48 రెట్ల దగ్గర చూస్తున్నారేమో. 120కి పెంచండి. అప్పటికీ పిండిముద్దలా ఉంటే గాలి నిలకడగా లేదు. ఎం 94కు వెళ్లి తిరిగి రండి.

## 9. రాసుకోవడం, సర్దుకోవడం

ప్రతి దానికీ నోటుపుస్తకంలో అరచేతి వెడల్పు గుండ్రం గీసి, కనిపించిన చుక్కలు, మచ్చ ఆకారం పెన్సిలుతో వేయండి. పక్కన తేదీ, సమయం, చోటు, ఐపీసు, చారా ఎలా కనిపించింది అన్నవి రాయండి. బొమ్మ బాగా రానక్కర్లేదు. వచ్చే ఏడాది అదే పేజీ తెరిచి చూసుకుంటే కన్ను ఎంత నేర్చుకుందో తెలుస్తుంది.

సర్దే ముందు తెల్ల టార్చితో నేలంతా ఒకసారి చూడండి. ఐపీసు మూతలు, పెన్సిళ్లు గడ్డిలో ఉండిపోతాయి. టెలిస్కోపు గొట్టానికి మూతలు పెట్టి, బండిలో అద్దం వైపు కింద ఉండేలా పడుకోబెట్టి, పక్కన దుప్పటి మడతలు సర్దండి.

తోట దుమ్ము అద్దం మీద పడి ఉంటుంది. ఇంటికి వచ్చాక దాన్ని గుడ్డతో తుడవకండి. చేతి గాలిబుడ్డితో ఊదండి, పోకపోతే అలాగే వదిలేయండి. కాస్త దుమ్ము ఉన్నా ఎం 51 కనిపిస్తుంది. గీత పడితే ఆ గీత పోదు.

తోట గేటు మూసి, కాపలా మనిషికి వెళ్తున్నామని చెప్పి రండి. మోటారు షెడ్డు బల్బు ఆర్పించి ఉంటే మళ్లీ వేయించి రండి.